మెల్లగా నడవని పడవ

మరదలు మూతపెట్టిన గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి సారంగు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె గొంతు వినబడగానే కడిగిన కాలినే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

"అక్కా, ఇవాళ రెండు చేపలు పడ్డాయే! ఒకటి కాటా దగ్గర ఇచ్చేసి రెండోది ఇంటికి తెచ్చారు. ఇద్దరమే ఎంతని తింటాం? బావకి తోక ముక్కలంటే ఇష్టం కదా, ఏరి మరీ వేశాను."

"మీ ఆయన చేతిలో ఏం మహత్తు ఉందే తల్లీ!" అంది సారంగు భార్య.

మహత్తట. పెరట్లో సారంగు చెంబు ఠంగున కింద పెట్టాడు. మొన్నమొన్నటి దాకా కుట్టుమిషను ముందు నుంచి లేవని మనిషి. లాంచీ ఎక్కితే మధ్య బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, అవతలి రేవు వచ్చేదాకా కళ్లు మూసుకునే మనిషి. ఆ లాంచీ నడిపినవాడు సారంగు. వంతెన వచ్చి లాంచీ మూలపడ్డాక అతనికి మిగిలినవి రెండే: సారంగు అన్న పిలుపు, ఆ లాంచీ ఇంజను. ఇంజనుని తన చేపల పడవకి బిగించుకున్నాడు. సరస్సు మీద అంత జోరైన పడవ ఇంకొకటి లేదు. తోడల్లుడు దర్జీ కూడా ఒక పాత పడవ కొనుక్కుని, కుట్టుపని పొద్దుటి పూట మానేసి నీళ్లలోకి దిగాడు. అప్పుడు సారంగు నవ్వాడు. ఇప్పుడు ఆ దర్జీ పట్టిన చేపే రోజూ సాయంత్రం గిన్నెలో అతని ఇంటికి వస్తోంది.

భోజనాల దగ్గర భార్య ముల్లు ముల్లూ చప్పరించి పక్కన పెడుతుంటే సారంగు ఓరకంట చూస్తూనే ఉన్నాడు. తను పట్టిన చేపని ఈ మనిషి ఎప్పుడైనా ఇంత ఇష్టంగా తిన్నదా? గుర్తు రాలేదు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

"సరిగ్గా సరిపోయింది," అంది ఆమె, వేలు నాక్కుంటూ.

నిజానికి సరిపోయింది. తోక ముక్కలు రెండూ తినేశాక గిన్నెలోకి తొంగి చూసి, ఇంకొకటి ఉంటే బాగుండుననిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాడు తెల్లవారగానే పడవ తీశాడు. ఆ సరస్సులో లోతున తిరిగే వేట చేపని ఈడ్పు గాలంతోనే పట్టాలి. పడవ వెనక పొడుగాటి దారం, దాని చివర తగరపు చేపపిల్ల, పిల్ల కడుపు కింద కొక్కేలు. పడవ మనిషి నడకంత మెల్లగా పోతే ఆ తగరపు పిల్ల లోతున అటూ ఇటూ ఊగుతూ దెబ్బతిన్న చేపలా కనిపిస్తుంది. వేట చేప దాని వెంటపడుతుంది. పడవ జోరు పెరిగిందంటే పిల్ల పైకి తేలి నీళ్ల మీద కప్పలా గెంతుతుంది. అప్పుడు దాన్ని ఏ చేపా నమ్మదు.

సారంగు పడవకి మెల్లగా పోవడమే చేతకాదు. ఇంజనుని ఎంత తగ్గించినా పరుగే. ఇంకాస్త తగ్గిస్తే ముసలాడిలా దగ్గి ఆగిపోతుంది. గేరు తీసి కాసేపు పడవని దానంతటది సాగనిచ్చి, మళ్లీ గేరు వేసి చూశాడు. తీసినప్పుడు గాలం మునిగి నాచులో చిక్కుకుంది. వేసినప్పుడు గుంజుకుని నాచంతా మోసుకుంటూ పైకొచ్చింది. పడవ ముక్కుని గాలికి ఎదురు తిప్పాడు. పడవ కాస్త నెమ్మదించింది, గాలం కాస్త మునిగింది, అతని మనసూ కాస్త కుదుటపడింది. అంతలో గాలి పడిపోయింది. వెనక తగరపు పిల్ల ఎండలో తళుక్కుమంటూ గెంతడం మొదలుపెట్టింది.

ఆ పక్కగా దర్జీ పడవ పోతోంది. పోతోందంటే నిలబడ్డట్టే ఉంది. దర్జీ బల్ల మీద బాసింపట్టు వేసుకుని, గాలం దారాన్ని చూపుడు వేలి మీద ఆనించుకుని, బిగువు చూస్తున్నట్టు తల పక్కకి వాల్చి కూర్చున్నాడు. పడవ వెనక నీళ్లలో ఒక గుడ్డ సంచి ఉబ్బి ఉంది. అది అతనే కుట్టాడు. పాత డేరా గుడ్డ కోసి, వెడల్పు మూతికి ఇనప చువ్వ వంచి పెట్టి, తోక వైపు సన్నగా చేసి, అక్కడ పిడికిలంత కన్నం వదిలాడు. పడవ లాగుతుంటే అది నీళ్లు మింగి ఉబ్బి, పడవని వెనక్కి పట్టి ఉంచుతుంది.

ఆ సంచిని మొదటిసారి రేవుకి తెచ్చిన రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది సారంగే. "పడవకి లంగా కుట్టావేంటయ్యా! పెళ్లిచూపులకి తీసుకెళ్తున్నావా?" అన్నాడు. రేవు రేవంతా పడీ పడీ నవ్వింది. దర్జీ కూడా నవ్వి, "నీక్కూడా ఒకటి కుట్టనా అన్నా?" అన్నాడు. "నాది మగ పడవ, అక్కర్లేదు," అన్నాడు సారంగు. ఇప్పుడు ఆ మాట మింగలేక కక్కలేక తిరుగుతున్నాడు.

చూస్తుండగానే దర్జీ వేలు చురుగ్గా కదిలింది. మోకాళ్ల మీద లేచాడు. కంగారేం లేదు. మిషను మీద దారం తెగకుండా గుడ్డ లాగేవాడిలా కొంచెం లాగుతూ, కొంచెం వదులుతూ చేపని దగ్గరికి తెచ్చి వలబుట్టలోకి ఎత్తాడు. తలెత్తి సారంగుని చూసి చెయ్యి ఊపాడు. సారంగు చూడనట్టు ఇంజను మీదికి వంగాడు.

రేవులో కాటావాడు దర్జీ చేపని తూచి, పక్కన నిలబడ్డ సారంగు బుట్టలోకి చూసి, "నీది కూడా తూచమంటావా? బుట్ట బాగా బరువుగానే ఉన్నట్టుంది, తడిసి," అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. దర్జీ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, ఓ మాట అనడానికి వీలుండేది.

ఆ మర్నాడు సారంగు ఇంట్లోంచి ఇనప బకెట్టు పట్టుకెళ్లాడు. రెల్లు పొదల మలుపు దాటి, రేవుకి కనబడనంత దూరం పోయి, బకెట్టుకి తాడు కట్టి వెనక వదిలాడు. అది నీళ్లలో దభీమని మునిగి తాడుని బిగలాగింది. పడవ వేగం చచ్చిపోయింది. ఇంజను అదే మోత మోగుతున్నా ఒడ్డున చెట్లు మెల్లమెల్లగా కదులుతున్నాయి. గాలం మునిగింది. దారం వేలికి ఆనించుకుంటే తగరపు పిల్ల లోతున ఊగుతున్న వణుకు నాడి కొట్టుకున్నట్టు తెలిసింది. ఇన్నాళ్లూ వాడి వేలికి తెలుస్తున్నది ఇదన్నమాట.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. బకెట్టు గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. తాడు మెలి మీద మెలి పడింది. పడవ ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. చుక్కాని పట్టుకుని సరిచేసేలోగా బకెట్టు చెవులు రెండూ ఊడి, చేతిపిడి మాత్రం తాడుకి వేలాడుతూ పైకొచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని చూస్తుండగా మలుపులోంచి దర్జీ పడవ వచ్చింది.

"ఏదో పడిపోయినట్టుందన్నా?"

"ఏం పడలేదు," అన్నాడు సారంగు, పిడిని కాలి కింద దాచుకుంటూ.

ఇంట్లో భార్య బకెట్టు కోసం వెతుకుతోంది. రేవులో ఎవరో అడిగితే ఇచ్చానన్నాడు. ఎవరికిచ్చారంది. పేరు తెలీదన్నాడు. ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి వెళ్లింది. చీకటి పడకముందే మరదలు గిన్నెతో వచ్చింది. గిన్నె అక్క చేతికిస్తూ, ఎంతో మంచిగా, మేలు చేసే మాట చెబుతున్నట్టు అంది.

"బావా, మా ఆయన చెప్పమన్నారు. బకెట్టుకి అడుగున చిల్లు పెడితే గిరగిరా తిరగదట. చెవుల దగ్గరే కాకుండా నడుముకి కూడా కట్టాలట."

అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు సారంగు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ గోడకి చేరగిలబడి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. "అయ్యో నా బకెట్టు!" అంటూ మధ్యలో మళ్లీ నవ్వారు. వాళ్ల నవ్వులో విషం లేదు. అది సారంగుకీ తెలుసు. తెలిసినకొద్దీ గుండెలో ఎక్కడో మేకు దిగుతున్నట్టు ఉంది. వాడు చూశాడు. చూసి నవ్వలేదు. ఇంటికెళ్లి, కూర్చుని, నాకేది పనికొస్తుందా అని ఆలోచించాడు. ఆ రాత్రి సారంగు గిన్నె ముట్టుకోలేదు. కడుపులో బాగాలేదన్నాడు.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం రేవు ఖాళీగా ఉంది. అందరూ భోజనాలకి వెళ్లారు. దర్జీ సంచి రాటకి వేలాడుతూ ఆరుతోంది. సారంగు తన పడవలో ఏదో సర్దుకుంటున్నట్టు కాసేపు వంగి, లేచి, రాట దగ్గరికి వెళ్లాడు. సంచి కుట్టు చూద్దామనే వెళ్లానని తనకి తాను చెప్పుకున్నాడు. కుట్టు చూశాడు కూడా. అంచు రెండు మడతలు వేసి, మైనం పట్టించిన దారంతో, చీమల బారులా కుట్టి ఉంది. ఎక్కడా ఒక్క కుట్టు పెద్దది కాదు, ఒక్కటి చిన్నది కాదు. ఆ నీటు చూసేసరికి అతనికి కళ్లు మండాయి. నడుముకున్న చాకు తీసి, సంచి ముడికి కాస్త పైన, తాడు పురులు సగం దాకా కోశాడు. కోసిన చోటుని ముడి వైపు తిప్పి, కనబడకుండా పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు.

కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. ఏమవుతుంది, సంచి పోతుంది, అంతే కదా. నాలుగు రోజులు వాడి గాలం కూడా కప్పలా గెంతుతుంది. అంతకన్నా ఏముంది? కానీ కిటికీ తలుపు దానంతటది కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి లేచింది. సారంగు చెయ్యి కడుక్కుని రేవుకి దాదాపు పరిగెత్తాడు.

దర్జీ అప్పటికే సంచి పడవలో వేసుకుని మోకు విప్పుతున్నాడు.

"గాలి బాగా ఉంది. ఇవాళ వద్దులే," అన్నాడు సారంగు.

"గాలుంటేనే కదన్నా చేప కదిలేది."

"చెబుతున్నాగా, వద్దు. వంతెన వైపుకి తోస్తుంది."

దర్జీ వింతగా చూశాడు. తన మేలు కోరి సారంగు ఒక మాట అనడం ఈ మధ్య ఎరగడు. "తొందరగా వచ్చేస్తాలే అన్నా," అన్నాడు, మెత్తబడిన గొంతుతో. ఆ మెత్తదనం విన్నాక తాడు సంగతి చెప్పడానికి సారంగుకి నోరు రాలేదు. పడవ వెళ్లిపోయింది. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత తన పడవ కూడా తీశాడు.

దూరంగా ఉండి చూస్తూనే ఉన్నాడు. దర్జీ సంచి వదిలాడు, గాలం వదిలాడు. పడవ అలలకి ఎగిరి పడుతున్నప్పుడల్లా తాడు బిగిసి, వదులై, మళ్లీ బిగుస్తోంది. ఉన్నట్టుండి దర్జీ పడవ ముందుకి ఉరికింది. తాడు తెగింది. దర్జీ గాలం చుట్టేసుకుని, సంచి పోనివ్వకూడదని ఇంజనుకి వెనక్కి నడిపే గేరు వేశాడు. నీళ్లలో మిగిలిన తాడు పడవ కిందికి పోయింది. ఇంజను ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. తాడు నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకి చుట్టుకుందని సారంగుకి అంత దూరం నుంచే తెలిసింది.

గాలి పడవని వంతెన స్తంభాల వైపు తోసుకుపోతోంది. ఆ స్తంభాల దగ్గర సుడి ఎలా తిరుగుతుందో సారంగుకి బాగా తెలుసు. దర్జీ లేచి నిలబడి, తెడ్డుతో నీళ్లు వెనక్కి తోస్తున్నాడు. అరవడం లేదు. ఎవర్ని పిలవాలో తెలియని మనిషిలా వెర్రిగా తెడ్డు వేస్తున్నాడు. అతనికి ఈత కూడా సరిగా రాదు.

సారంగు ఇంజను జోరు పూర్తిగా పెంచాడు. లాంచీ ఇంజను అరిచింది. అలల మీద నుంచి అలల మీదికి పడుతూ పడవ దూసుకుపోయింది. స్తంభానికి, దర్జీ పడవకి మధ్య పడవంత దూరం కూడా లేనప్పుడు మోకు విసిరాడు.

"ముక్కుకి కట్టు! ముక్కుకి!"

దర్జీ మొదటిసారి జారవిడిచాడు. రెండోసారి పట్టుకుని కట్టాడు. మోకు బిగిసింది. రెండు పడవలూ ఒక్క క్షణం ఎటూ కదలకుండా గింజుకున్నాయి. తర్వాత మెల్లగా, మొండిగా, స్తంభాల నీడలోంచి బయటికొచ్చాయి.

సరస్సు నడిమి దాటి, రెల్లు పొదల చాటుకి చేరాక గాలి ఉద్ధృతి తగ్గింది. సారంగు ఇంజను బాగా తగ్గించాడు. వెనక్కి తిరిగి దర్జీ ముఖం చూసే ధైర్యం లేక ఎదురుగా చూస్తూ నడిపాడు. చాలాసేపటికి ఒకసారి తిరిగి చూస్తే, దర్జీ తన పడవ వెనక అంచున కూర్చుని ఉన్నాడు. గాలం నీళ్లలో ఉంది.

చావు తప్పి బయటపడి అట్టే సేపు కాలేదు, ఈ మహానుభావుడు గాలం వేసుకుని కూర్చున్నాడు!

"ఊరికే కూర్చోవడం ఎందుకులే అని," అన్నాడు దర్జీ, తప్పు చేసినవాడిలా. అంతలోనే అతని వేలు చురుక్కుమంది. "అన్నా! ఆపకు! ఇదే వేగం, ఇలాగే పోనీ!"

అప్పుడు అర్థమైంది సారంగుకి. వెనక పడవ బరువుకి తన పడవ మనిషి నడకలో పోతోంది. ఇన్నాళ్లూ ఏం చేసినా రాని వేగం. దారం నీళ్లని కోస్తూ పక్కకి పరిగెత్తింది. "పొదల్లోకి పోతోంది!" అని దర్జీ అరిచాడు. సారంగు చుక్కానిని వెంట్రుకవాసి తిప్పాడు. మోకు వదులు కాకూడదు, గుంజుకోకూడదు. చేప లోతుకి దిగితే ఇంజను ఇంకాస్త తగ్గించాడు, పైకొస్తే పిసరంత పెంచాడు. లాంచీ నిండా జనంతో రేవుకి ఆనించేటప్పుడు చేతులు ఎలా పనిచేసేవో అలా పనిచేశాయి. ఎవరి గాలం, ఎవరి చేప అన్న ఆలోచన ఆ కాసేపు అతనికి రాలేదు. దర్జీ దాన్ని పడవలోకి ఎత్తినప్పుడు ఇద్దరూ ఒకేసారి కేక వేశారు. అంత చేప ఆ ఏడు రేవుకి రాలేదు.

రేవులో జనం మూగారు. కాటావాడు దర్జీ భుజం తట్టబోతే, "గాలం పట్టుకుని కూర్చున్నానంతే. పడవ నడిపింది అన్న. నా ప్రాణం కూడా ఆయనే తెచ్చాడు," అన్నాడు దర్జీ. అందరూ సారంగు వైపు తిరిగారు. ఎన్నాళ్లుగానో అతను ఎదురుచూసిన చూపులు అవి. తల ఎత్తలేకపోయాడు.

దర్జీ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి ఫ్యానుకి చుట్టుకున్న తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఫ్యాను రెక్క ఒకటి వంగిపోయింది. తాడు చివర చేతికొచ్చింది. దాన్ని బొటనవేలితో రాసి చూశాడు. సగం పురులు పీచులా చిట్లి ఉన్నాయి. మిగతా సగం సమంగా, సాపుగా ఉన్నాయి. ఏది తెగిందో, ఏది కోసిందో దర్జీకి ఎవరూ చెప్పక్కర్లేదు. తలెత్తాడు. సారంగు నడుముకున్న చాకుని చూశాడు. తర్వాత ముఖం చూశాడు. ఆ తాడు ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని, చేపని కాటా దగ్గరే వదిలేసి, తడి పంచెతో ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మరదలు రాలేదు. దీపాలు పెట్టే వేళ దాకా చూసి సారంగు భార్య చెల్లెలి ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"తలుపు ఓరగా తీసి, తలనొప్పిగా ఉందక్కా అని మళ్లీ వేసేసింది. ఏం చేశారు మీరు?"

అతను చెప్పాడు. చెప్పడానికి ఎంతో లేదు.

"స్తంభానికి కొట్టుకుని ఉంటే?" అంది ఆమె.

"లాక్కొచ్చాను కదా."

"లాక్కొచ్చారు. ఆ మాట వెళ్లి దాని ముందు అనండి."

ఆమె అన్నం వడ్డించి, తన కంచం తీసుకుని పెరటి మెట్ల మీద విడిగా కూర్చుని తింది.

పొద్దున్నే సారంగు దర్జీ కొట్టుకి వెళ్లాడు. ఇంటి ముందు గదే కొట్టు. కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది. ఫ్యాను కొలిమికి వెళ్లింది కాబట్టి దర్జీ మిషను మీద ఉన్నాడు. లోపలి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"తాడు నేనే కోశాను," అన్నాడు సారంగు.

దర్జీ కాలు మిషను మీద ఆగింది. "తెలుసు."

"ఎందుకు బావా?" అంది మరదలు.

దారి పొడుగునా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాడు. ఈ ప్రశ్నకి మాత్రం ఏదీ సరిపోలేదు. "వాడికి పడుతున్నాయి, నాకు పడట్లేదు. అంతే."

"అంతేనా?" అందామె. ఇంకా ఏదో పెద్ద కారణం ఉంటుందని రాత్రంతా వెతికినట్టుంది. "అంతేనా బావా?"

"అంతే."

దర్జీ మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు. తర్వాత లేచి చెయ్యి చాపాడు. "నీ పడవ తాళం ఇవ్వు. నాది బాగయ్యేదాకా నీది నేను తీసుకెళ్తాను."

సారంగు తాళం ఇచ్చాడు. దర్జీ మూలనున్న డేరా గుడ్డ తెచ్చి అతని ఒళ్లో వేశాడు. లావు సూది, మైనం పట్టించిన దారం, అరచేతికి కట్టుకునే తోలుముక్క పక్కన పెట్టాడు. "సుద్దగీత గీసి ఉంది. దాని వెంట పోవాలి. ఇది మిషను మీద సాగదు, చేత్తోనే కుట్టాలి. కుట్లు దగ్గరగా పడాలి. నా సంచి అయ్యాక నీది. నీ ఇంజనుకి ఒకటి చాలదు, రెండు కావాలి." అని వెళ్లిపోయాడు.

సారంగు కుట్టాడు. సూది రెండుసార్లు వేలిలో దిగింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ అతన్ని ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండా జాకెట్టు గుడ్డ పెట్టి వెళ్లింది. కాసేపటికి నీళ్ల మీద నుంచి తన ఇంజను మోత వినిపించింది. సారంగు సూది ఆపాడు. దర్జీ రేవు దాటాడు. మలుపు దగ్గరికి చేరాడు. ఇక్కడ తగ్గించాలి. మోత తగ్గింది. ఇంకా తగ్గింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ రగిలించాడు, మళ్లీ తగ్గించాడు, మళ్లీ దగ్గి ఆగిపోయింది. కిటికీలోంచి తొంగి చూస్తే, దూరంగా పడవ వెనక తగరపు పిల్ల తళుక్కుమంటూ నీళ్ల మీద గెంతుతోంది.

వాడి చేతిలోనూ మెల్లగా నడవడం లేదు. సారంగుకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. భుజాలు ఊగేలా నవ్వాడు.

లోపలి నుంచి మరదలు వచ్చి అతని ఒళ్లోని గుడ్డ కేసి చూసింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. వేలితో చూపించింది.

"ఇక్కడి నుంచి వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టండి."

"ఎక్కడి నుంచి?"

"మొదటి నుంచీ."

సారంగు దారం చివర పళ్లతో కొరికి, సుద్దగీత మొదలైన చోటు దాకా ఒక్కొక్క కుట్టే విప్పసాగాడు.